నీట్ దరఖాస్తులో ఒక గడి, మన తెలుగు పిల్లలు

నీట్ దరఖాస్తులో ప్రశ్నపత్రం ఏ భాషలో కావాలో అడిగే గడి ఒకటుంది. పదమూడు భాషల్లో తెలుగూ ఉంది కదా అని పరదరామి, గుడియాత్తం తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. చిక్కు ఆ తరువాతి గడిలో ఉంది. ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ పత్రాలు దేశమంతటా దొరుకుతాయి. ప్రాంతీయ భాషల పత్రాలు మాత్రం ఆయా రాష్ట్రాల కేంద్రాల్లోనే ఇస్తారు. తెలుగు కోరుకుంటే కేంద్రం ఆంధ్ర లేదా తెలంగాణలో పడాల్సిందే. వేలూరులో తెలుగు పత్రం రాదు. పక్కనున్న పేర్ణాంబట్టు ఉర్దూ పిల్లలకు ఈ బెడద లేదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల విషయంలో ఈ తేడా ఎందుకో మాకు అర్థం కాదు.

అయితే తెలుగు పెట్టి తిరుపతికి వెళ్లడం అందరికీ మంచిదని మేము చెప్పం. పదో తరగతి దాకా తెలుగులో చదివి, ప్లస్ వన్‌లో తమిళానికో ఇంగ్లీషుకో మారిన పిల్లకు ఒకే సంగతికి మూడు మాటలు: కిరణజన్య సంయోగక్రియ, ఒళిచ్చేర్కై, ఫోటోసింథసిస్. 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివే. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ప్రాంతీయ భాష పత్రంలో పక్కనే ఇంగ్లీషు కూడా ఉంటుంది, అదొక ఊరట. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. రెండేళ్లుగా పిల్ల ఏ మాటతో పాఠం చదివిందో ఆ భాషే పెట్టించడం మేలు. కేంద్రం ఆంధ్రలో పడినంత మాత్రాన తమిళనాడు కోటా పోదు.

పోయేది వేరే చోట. 2020లో తమిళనాడు తెచ్చిన చట్టం ప్రకారం వైద్య సీట్లలో 7.5 శాతం ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కేటాయించారు. ఆరు నుంచి ప్లస్ టూ దాకా ఈ రాష్ట్రంలోని ప్రభుత్వ బడిలోనే చదివి ఉండాలి. నీట్‌లో అర్హత సాధించడం ఎలాగూ తప్పదు. ఎయిడెడ్ బడుల పిల్లలకు ఇది వర్తించదు. మన వాళ్లు చాలామంది పదో తరగతి కాగానే తెలుగు కోసమో కోచింగ్ కోసమో పిల్లల్ని సరిహద్దు దాటించి చిత్తూరు వైపు ఇంటర్‌లో చేర్పిస్తారు. ఆ రోజుతో 7.5 శాతం దారి మూసుకుపోతుంది. పదహారేళ్లకు తెలియకుండా జరిగే వడపోత ఇది.

మన గుమ్మంలోనే ఉన్న వేలూరు సి.ఎం.సి. ఒకప్పుడు సొంత ప్రవేశపరీక్ష పెట్టి, పిల్లల్ని కొన్ని రోజులు అక్కడే ఉంచుకుని, మాట్లాడి, పనులు చేయించి చూసి ఎంచుకునేది. నీట్ వచ్చాక 2017లో ఆ పద్ధతి వదులుకోలేక నూరు ఎం.బి.బి.ఎస్. సీట్లలో ఒక్కటే నింపింది. 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు అల్పసంఖ్యాక కళాశాలలకూ నీట్ తప్పదని తేల్చింది. ఆ పాత పద్ధతిలో సిఫార్సు లేఖల బరువు ఉండేదన్న విమర్శను మేము కాదనం. కానీ ఎదురుగా కూర్చున్న పిల్ల ఏ భాషలో ఆలోచిస్తోందో అడిగి తెలుసుకునే మనిషి ఒకరు అక్కడ ఉండేవారు. ఇప్పుడు ఆ పని దరఖాస్తులోని గడిది.

వేలూరు, కృష్ణగిరి కేంద్రాల్లోనూ తెలుగు పత్రం ఇవ్వమని పరీక్ష సంస్థను అడగవలసింది మన బడుల సంఘాలే. పత్రం ఎలాగూ అచ్చవుతోంది, కట్ట ఒకటి సరిహద్దు దాటాలి అంతే. ఈలోగా ఉపాధ్యాయులు అయిదో తరగతి పిల్లల తల్లిదండ్రులను పిలిచి, ఆరో తరగతి ఎక్కడ చేరిస్తే ఏమవుతుందో ఈ వేసవిలోనే చెప్పాలి.