ప్రమాద స్థలిని సందర్శిస్తే బాధ్యత తీరినట్లా?

ఖరగ్‌పూర్ రైళ్లపై బతికే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉద్యోగాలకై తరలివెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. ఆ డివిజన్‌లో పదమూడేళ్ల వ్యవధిలో రెండు ఘోర ప్రమాదాలు సంభవించాయి. రెండింటి అనంతరం రంగంలో ప్రముఖంగా కనిపించిన నాయకురాలు ఒక్కరే: మమతా బెనర్జీ. మొదటిసారి జవాబు చెప్పవలసిన స్థానంలో, రెండవసారి ప్రశ్నించే స్థానంలో.

1984లో జాదవ్‌పూర్‌లో సోమనాథ్ చటర్జీని ఓడించి లోక్‌సభకు వచ్చిన నాటినుంచి ఆమె రాజకీయం వీధి పోరాటాలతో పెరిగినదే. 2010 మే 28న సర్డిహా సమీపాన జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, గూడ్సు రైలు ఢీకొని 148 మంది మరణించినప్పుడు ఆమె రైల్వే మంత్రి. రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు రెండు రోజుల్లో ఉన్నాయి. ఆమె రాజకీయ కుట్రను అనుమానించారు. కేంద్రం, వామపక్ష ప్రభుత్వం పరస్పరం వేలెత్తి చూపుకొన్నాయి. మరుసటి ఏడాది ఆమె ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తీర్పు ముప్పైనాలుగేళ్ల వామపక్ష పాలనపై ఇచ్చినదే కాని, రైల్వే మంత్రిత్వంపై కాదు.

2023 జూన్ 2న బాహానగా బజార్‌లో మన ప్రయాణికులకు చిరపరిచితమైన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురైంది. మర్నాడు అక్కడికి వచ్చిన ముఖ్యమంత్రి, రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ సమక్షంలోనే మృతుల సంఖ్యను, రక్షణ పరికరాల లేమిని ప్రశ్నించారు. ప్రశ్నలు సమంజసమైనవే. అయితే 2010లో ఇవే ప్రశ్నలు ఆమెకూ వర్తించాయి.

నాయకుల తగవులో మరుగున పడేది తర్వాతి కథ. జ్ఞానేశ్వరి మృతులలో కొందరి ఆనవాళ్లు తేలక, మరణ ధృవీకరణ పత్రం కోసం వారి కుటుంబాలు ఏళ్ల తరబడి తిరిగాయి. బాహానగా మృతులు 295 మంది అనీ, 41 మంది ఎవరో తెలియలేదనీ 2023 జూలైలో రాజ్యసభకు లిఖిత సమాధానం వచ్చింది. చివరికి ఎవరూ రాని 28 భౌతిక కాయాలకు అక్టోబరులో భువనేశ్వర్‌లో దహన సంస్కారాలు జరిగాయి. సిగ్నలింగ్ లోపమే కారణమని విచారణ తేల్చింది. అరెస్టయినవారు ముగ్గురు రైల్వే ఉద్యోగులు. పై అంతస్తుల బాధ్యత మాత్రం చర్చలోనే మిగిలింది.

1956లో మహబూబ్‌నగర్ ప్రమాదానంతరం లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వగా నెహ్రూ అంగీకరించలేదు. అరియలూరు తర్వాత అంగీకరించారు. రాజీనామాతో పోయిన ప్రాణాలు తిరిగి రావు నిజమే. కాని బాధ్యత ఎక్కడున్నదో అది ప్రజలకు చాటుతుంది.

నా దృష్టిలో నేడు కావలసింది రాజీనామా కంటే కష్టమైనది. ప్రతి ఘోర ప్రమాదంపైనా భద్రతా కమిషనర్ నివేదికను నిర్ణీత గడువులో పార్లమెంటు ముందుంచాలి. ఏ సిఫారసు అమలైందో, ఏది కాలేదో ఏటా సభకు చెప్పాలి. మృతుల గుర్తింపు ముగిసేవరకు ఒక అధికారి జవాబుదారీగా ఉండాలి. ఈ డిమాండును అధికారంలో ఉన్నప్పుడు కూడా చేయగల నాయకుడినే ప్రజలు నమ్మాలి.