గూఢచారి అంటే గన్నేనా?

తెలుగు సినిమాలో గూఢచారి ఎలా ఉండాలో 1966లోనే తేలిపోయింది. ‘గూఢచారి 116’లో కృష్ణ గన్ను పట్టుకుని వచ్చాడు, జనం చూశారు, తెలుగు జేమ్స్‌బాండ్ అన్నారు. 2018లో అడివి శేష్ ‘గూఢచారి’ వచ్చేసరికి టెక్నాలజీ మారింది, కథనం పదునెక్కింది. గూఢచారి మాత్రం అదే ఒంటరి మగాడు, చేతిలో అదే గన్ను. దీంతో నాకు పెద్ద పేచీ లేదు. బాండ్‌ని దిగుమతి చేసుకుంటే బాండే వస్తాడు. నా పేచీ అల్లా ఆ బొమ్మని తీసుకెళ్ళి మన చరిత్రలో ప్రతిష్ఠించడంతో.

‘ఆర్ఆర్ఆర్’ (2022) సంగతి చూడండి. చరిత్రలో కలుసుకున్న దాఖలా లేని అల్లూరి సీతారామరాజు, కొమరం భీమ్ ఢిల్లీలో కలిస్తే? గొప్ప ఊహ. పైగా ఇద్దరూ మారువేషాల్లో ఉంటారు. ఒకడు పోలీసుగా, ఇంకొకడు అఖ్తర్ అనే మెకానిక్‌గా. అంటే ఇది గూఢచారి కథ, ప్రత్యామ్నాయ చరిత్ర కూడా. రెండిట్లోనూ తేలిపోయిందని నా ఫిర్యాదు.

ప్రత్యామ్నాయ చరిత్ర పని మా ఆఫీసు పని లాంటిదే. కోడ్‌లో ఒక్క లైను మార్చి రన్ చేస్తాం. ఎక్కడెక్కడ పగిలిందో చూస్తే ఏది దేనిమీద ఆధారపడి ఉందో తెలుస్తుంది. ఇక్కడ ఇంత మార్చినా ఏమీ పగల్లేదు. భీమ్ పోరాడింది నిజాం ప్రభుత్వంతో, అడవినీ పోడునీ గోండుల చేతుల్లోంచి లాక్కున్న అధికారులతో. 1940లో జోడేఘాట్‌లో చనిపోయింది నిజాం బలగాల కాల్పుల్లో. సినిమాలో నిజాం మనిషి ఒకడు వచ్చి గవర్నర్ మనుషుల్ని హెచ్చరించి వెళ్ళిపోతాడు, అంతే. అల్లూరి 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళాడు. ఆ తర్వాత 1924 మే దాకా పోరాటం నడిచిందంటే ఊరూరి నుంచీ కబుర్లు అందకుండానా? పోలీసులు ఎటు కదిలారో చెప్పింది ఎవరు? నా లెక్కలో అసలు గూఢచారులు వాళ్ళే. సినిమాలో వాళ్ళకి సీను లేదు.

‘కల్పన అని ముందే చెప్పారు కదా బ్రో’ అంటారు. చెప్పారు. మార్చినందుకు కాదు నా గొడవ, మార్చాల్సింది మార్చనందుకు. బలవంతుడే చరిత్ర నడుపుతాడన్న పాత నమ్మకాన్ని ముట్టుకోకుండా, బలవంతుల్ని ఇద్దర్ని చేశారు.

మరి మన దగ్గర వేరే కథలు లేవా? కడప జిల్లా మాచుపల్లి కైఫీయతులో ఒకటుంది. దాదాపు 500 ఏళ్ళ కిందటి ముచ్చట. సిద్ధవటం ప్రాంతాన్ని ఏలుతున్న సమ్మెట గురవరాజు డబ్బు రాబట్టడానికి ఆడవాళ్ళని హింసించేవాడు. కూచిపూడి భాగవతులు అది తెలుసుకున్నారు. విజయనగరం వెళ్ళి వీరనరసింహరాయల ముందు ఆట కట్టారు. ఒకడు గురవరాజు వేషం వేశాడు, ఒకడు హింసపడే ఆడమనిషి వేషం. రాయలకి అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజుని పట్టించి చంపించాడు. కైఫీయతు చెప్పేది ఇదీ. ఇందులో ఎంత చరిత్ర, ఎంత కథ అని పండితులు వాదించుకోవచ్చు. నాకు ముఖ్యం ఏంటంటే, వేగు పనీ వేషం పనీ ఒకటేనని మనవాళ్ళు అప్పుడే ఊహించారు. ఊరూరా తిరగడానికి ఆటగాళ్ళని ఎవరూ ఆపరు. చూసింది చూసినట్టు ఆడి చూపించడం వాళ్ళ వృత్తే.

ఇంకో తమాషా. ఈ కైఫీయతులు మనకి దక్కింది కల్నల్ కాలిన్ మెకంజీ వల్ల. ఆయన కంపెనీ సైన్యంలో ఇంజనీరు, 1815లో ఇండియాకి మొదటి సర్వేయర్ జనరల్. ఆయన కోసం ఊళ్ళ చరిత్రలు సేకరించే పనిని నడిపింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. పాలకుడికి సమాచారం కావాలి కాబట్టి, పాలకుడిని పట్టించిన ఆట కూడా ఆ కాగితాల్లోకి ఎక్కింది. ఇంతకన్నా మంచి గూఢచారి నవలకి ముడిసరుకు ఏం కావాలి?

దగ్గరి కాలానికి రండి. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మా భూమి’ నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దాన్ని ఆంధ్ర జిల్లాల్లో ఊరూరా ఆడి, తెలంగాణలో దొరల కింద ఏం జరుగుతోందో సరిహద్దు ఇవతలి జనానికి చూపించింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఒక నాటకాన్ని ప్రభుత్వం నిషేధించిందంటే, కబురు చేరుతోందని ఒప్పుకున్నట్టే.

‘ఆర్ఆర్ఆర్’లో కూడా ఆటా వేగూ ఒక్కచోట కలుస్తాయి, ‘నాటు నాటు’లో. తెల్లవాళ్ళ పార్టీలో దొంగపేరుతో తిరుగుతున్న భీమ్ డాన్స్ చేస్తాడు. అక్కడ ఎంత కథ పుట్టొచ్చు! సినిమా దాన్ని ఎవరు ఎక్కువసేపు నిలబడతారన్న పోటీ చేసేసింది. ఆస్కార్ వచ్చింది, సంతోషమే. ఆట ఆడేవాడి కళ్ళు ఆ పార్టీలో ఏం చూశాయో మాత్రం మనకి చెప్పలేదు.

ఐటీ కారిడార్‌లో రాత్రిళ్ళు స్క్రిప్టులూ నవలలూ రాసుకుంటున్న వాళ్ళు చాలామందే ఉన్నారు, మీలోనూ ఉండే ఉంటారు. మీరైనా ఒక్క లైను మార్చి చూడండి. భాగవతులు గట్టు దాటకముందే గురవరాజు మనుషులు మద్దెల విప్పి వెతికి ఉంటే? రాయలు ఆట చూసి, బావుందని శాలువా కప్పి పంపేసి ఉంటే? అన్నిటికన్నా ముందు, సిద్ధవటంలో ఆ భాగవతుల్ని పక్కకి పిలిచి జరిగింది చెప్పిన ఆడమనిషి ఎవరో ఒకామె ఉండే ఉంటుంది కదా. ఆట ముగిసిన సంగతి ఆమెకి ఎప్పుడు తెలిసింది? ఆమె దగ్గర గన్ను లేదు. కథ అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.