చట్టం చెరిపిన మాట

ఇంగ్లీషు పాఠంలో ‘ఫామిన్’కూ ‘స్కేర్సిటీ’కీ కలిపి కరువు అని వొక్క అర్థం చెప్పి సాగిపోయే వుపాధ్యాయ మిత్రులతో నాకు పేచీ వుంది. నిఘంటువులో అవి చుట్టాలే కావచ్చు. సర్కారు కచేరీలో కావు.

స్కేర్సిటీ అంటే సరుకు చాలకపోవడం. ఫామిన్ అంటే తిండి దొరక్క జనం మూకుమ్మడిగా చావడం. మొదటిదానికి వానదేవుణ్ణి తిట్టుకోవచ్చు. రెండోదానికి ప్రభుత్వాన్ని నిలదీయాలి.

యీ తేడా తెల్లదొరలకు బాగా తెలుసు. 1880 నాటి కమిషన్ తర్వాత వాళ్లు రాసుకున్న ఫామిన్ కోడ్ల ప్రకారం, క్షామమని ప్రకటిస్తే కూలిపనులూ, పనిచెయ్యలేనివాళ్లకు వుచిత సహాయమూ ప్రభుత్వం మెడకు చుట్టుకుంటాయి. అందుకే గాబోలు, 1943లో బెంగాల్లో ఆ ప్రకటన చెయ్యనేలేదు. సర్కారువారి విచారణ సంఘమే తర్వాత 15 లక్షల చావులు లెక్కగట్టింది. అమర్త్య సేన్ లెక్క 30 లక్షలకు చేరువ. ఆయనే 1981లో మరో సంగతి తేల్చాడు: ఆ యేడు బెంగాల్లో వున్న తిండిగింజలు 1941 నాటికంటే యెక్కువే, కూలివాడి చేతిలో కొనే శక్తి లేదు, అంతే. స్కేర్సిటీ లేకుండానే ఫామిన్ వచ్చిందన్నమాట! ఇవి పర్యాయపదాలని యెలా నమ్మమంటారు?

దొరలు పోయారు. 1963లో మహారాష్ట్ర, తన చట్టాల్లోంచి ‘ఫామిన్’ అనే మాట తీసేసి ‘స్కేర్సిటీ’ పెట్టడానికి ప్రత్యేకంగా వొక చట్టమే చేసింది. ప్రభుత్వం కనిపెట్టుకుని వుంటుంది గనుక ఇక క్షామానికి తావులేదట! పదేళ్లు తిరక్కుండా, 1972–73లో, ఆ రాష్ట్రంలోనే లక్షలాది రైతుకూలీలు సహాయపు పనుల్లో రాళ్లు కొట్టారు. ఆ పనుల వల్ల ప్రాణాలు నిలిచిన మాట నిజం, కాదనను. కాని కాగితాల మీద అది స్కేర్సిటీ. రాళ్లు కొట్టినవాళ్లు తమ మరాఠీలో దాన్ని దుష్కాళ్ అన్నారు.