చీపురాటలో ఆడవాళ్ళు

కెనడాలో కర్లింగ్ అనే ఆట ఉంది. దాదాపు 20 కిలోల రాయిని మంచు మీద జారవిడుస్తారు. అది వలయంలోకి చేరేలా ఇద్దరు దాని ముందు చీపుర్లతో మంచు రుద్దుతూ పోతారు. మగవాళ్ళకు జాతీయ పోటీ 1927లో మొదలైంది. ఆడవాళ్ళకేమో 1961లో! (చీపురు పట్టే ఆటలో కూడా 34 ఏళ్ళు వెనకే.) వాళ్ళకు ఆట రాదు గనక అంటే నేనొప్పుకోను. మాంట్రియల్‌లో ఆడవాళ్ళ క్లబ్బు 1894లోనే పెట్టారు. ఆట వచ్చు, దేశమంతటి పోటీకి ఖర్చు పెట్టేవాళ్ళే లేరు. చివరికి డొమినియన్ స్టోర్స్ అనే కిరాణా దుకాణాల కంపెనీ డబ్బిస్తే ఒట్టావాలో పోటీ జరిగింది. జాయిస్ మెకీ కెప్టెన్‌గా సస్కాచెవాన్ జట్టు గెలిచింది. 1967 తర్వాత ఆ కంపెనీ తప్పుకున్నా పోటీ ఆగలేదు, నాలుగేళ్ళు మహిళల సంఘమే నడిపింది.

మన అమ్మాయిలతో కూడా "ముందు ఆడి చూపించండి, తర్వాత పోటీ పెడతాం" అంటున్నారు. సార్, ముందు పోటీ పెట్టండి.