గిరిజన భూమి హక్కు: కాగితంపై పట్టా, పొలంలో అనుభవం

భూమిపై హక్కు అనగానే దానిని అమ్ముకొనే, తాకట్టు పెట్టుకొనే స్వేచ్ఛ గుర్తుకు రావడం సహజం. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఈ భావన యథాతథంగా వర్తించదు. అక్కడ చట్టం అమ్మకపు స్వేచ్ఛకు హద్దు గీసి, భూమి గిరిజనుని చేతిలోనే నిలిచేటట్లు చూస్తున్నది. ఈ తేడాను గుర్తించినప్పుడే ఏజెన్సీ భూ వివాదాలు సరిగా అర్థమవుతాయి.

అప్పుల కింద గిరిజనుల భూములు షావుకార్ల పాలు కావడాన్ని అరికట్టేందుకు మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ ప్రాంతాలకు ప్రత్యేక చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1959 నాటి 1వ నిబంధన వచ్చింది. 1963లో దానిని తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరింపజేశారు. 1970 సవరణ ఇందులో కీలకమైనది. అమ్మేవారు గిరిజనులైనా, గిరిజనేతరులైనా గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదని అది నిర్దేశించింది. గిరిజనేతరుని స్వాధీనంలోని భూమి గిరిజనుని నుంచి సంక్రమించినదిగానే భావించాలనీ, కాదని రుజువు చేయవలసిన భారం అతనిదేననీ పేర్కొన్నది. ఈ సవరణ చెల్లుబాటును సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది.

అప్పటి విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలోని గనుల లీజులపై వచ్చిన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందనీ, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదనీ తీర్పు చెప్పింది.

2006 అటవీ హక్కుల చట్టం కూడా ఇదే బాటలో నడిచింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమిపై గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కును గుర్తించింది. ఈ హక్కు వారసులకు సంక్రమిస్తుంది గాని, అన్యాక్రాంతం చేయరాదు. వివాహితులైతే భార్యాభర్తలిద్దరి పేరనా పట్టా నమోదు కావాలి. పరిశీలన ముగిసే వరకు సాగుదారును ఖాళీ చేయించరాదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, హక్కు అనుభవంలోకి రావడమే అసలు సమస్య. భూమిని తిరిగి అప్పగించాలని ఉత్తర్వు వెలువడినా, క్షేత్రంలో స్వాధీనం మారకపోతే అది ఫైలులోనే మిగిలిపోతుంది. గిరిజనుని పేరు ముందుంచి ఇతరులు సాగుచేసే బినామీ పద్ధతి రికార్డుల్లో కనబడదు. హద్దులు కొలవని పట్టా కొత్త తగాదాకు దారితీస్తుంది.

అమ్మకపు నిషేధం వల్ల గిరిజన రైతుకు రుణం పుట్టదన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. అందుకే సహకార సంఘాలు, బ్యాంకుల వద్ద స్వాధీనం వదులుకోకుండా తాకట్టు పెట్టేందుకు 1971 సవరణ వీలు కల్పించింది. సంస్థాగత రుణం అందని చోట రైతు మళ్లీ షావుకారు గుమ్మమే తొక్కుతాడు.

రాష్ట్ర విభజన అనంతరం కూడా ఈ నిబంధన ఉభయ రాష్ట్రాల్లో అమలులో ఉన్నది. ఫిర్యాదు కోసం వేచి ఉండకుండా తమంతట తామే విచారణ చేపట్టే అధికారం సంబంధిత అధికారులకు ఇది ఇచ్చింది. కనుక ఎన్ని పట్టాలు పంపిణీ అయ్యాయన్న లెక్కతో పాటు, ఎన్ని పొలాల్లో పట్టాదారులే దుక్కి దున్నుతున్నారన్న లెక్కను కూడా అధికారులు నమోదు చేయవలసి ఉన్నది, పత్రికలు అడగవలసి ఉన్నది.