అమ్మ ఏ చీర కట్టుకునేది?



డిసెంబరు వచ్చిందంటే మన పల్లెలో ఇంటింటి మీదా స్టార్ వెలుగుతుంది. హైదరాబాదులోనూ గల్ఫ్‌లోనూ ఉన్న పిల్లలు 24వ తేదీ రాత్రికి వచ్చి 26న వెళ్లిపోతారు. ఫోటోలు దిగుతారు, అరిసెలు డబ్బాల్లో సర్దుకుంటారు. వాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మేమూ అలాగే పెరిగాం.

మా చిన్నప్పుడు పండుగ కోతల కూలి మీద ఆధారపడి ఉండేది. సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి. నూర్పిళ్లయి కూలి ధాన్యం ఇంటికి చేరితేనే మాకు క్రిస్మస్. ఆ బియ్యాన్నే రాత్రంతా నానబెట్టి, తడి ఆరకముందే రోట్లో దంచి జల్లించేవారు. పాకం పని మా అమ్మది. నీళ్లలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. ముదిరితే అరిసె రాయి అవుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి కాబట్టి పక్కింటి పెద్దమ్మ వచ్చేది. మర్నాడు వాళ్లింటికి అమ్మ వెళ్లేది. ఇప్పుడు కొనుక్కొస్తున్నాం. కొనడం పాపమేమీ కాదు గానీ, ఆ పెద్దమ్మ రావడం మాత్రం పోయింది.

ఇక బట్టలు. ఏడాదికి ఒకే జత. ఒకే తానులోంచి తమ్ముడికీ మాకూ చొక్కాలు కుట్టించేవారు. "బ్యాండు మేళం వచ్చిందిరా" అని తోటి పిల్లలు నవ్వేవారు. పైగా నాన్న టైలరుతో, "ఎదిగే పిల్లలు, రెండేళ్లు రావాలి, వదులుగా కుట్టు" అనేవాడు. మోకాళ్ల దాకా వేలాడే ఆ చొక్కా చూసుకుని పండుగ పూట ఏడ్చాం. ఆ ఏడుపు ఇప్పటికీ గుర్తుంది.

నిరుడు డిసెంబరులో ఈ కథంతా పిల్లలకు నవ్వుతూ చెబుతుంటే మా అమ్మాయి అడిగింది: "మరి నానమ్మ ఏ చీర కట్టుకునేది?"

జవాబు రాలేదు. చొక్కా గుండీల రంగు గుర్తుంది, అమ్మ చీర గుర్తు లేదు. ఆలోచిస్తే, క్రిస్మస్ ఉదయం ఆరాధనలో అమ్మను చూసిన జ్ఞాపకమే లేదు. వంట పనిలో ఉండి రాలేదనుకునేవాళ్లం. వెళ్లి ఆమెనే అడిగాం. డెబ్బై దాటిన మనిషి, చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది: "రాత్రి ఆరాధనకు వచ్చేదాన్ని కదా నాయనా. చీకట్లో చీర ఎవరు చూస్తారు? పొద్దునైతే అందరూ కొత్తవి కట్టుకొస్తారు."

లూకా సువార్త 17వ అధ్యాయం మీద ఎన్నిసార్లు ప్రసంగించామో. స్వస్థత పొందిన పదిమంది కుష్ఠరోగుల్లో తిరిగి రాని తొమ్మిదిమందిని ఎంత గట్టిగా మందలించామో. కానీ ఆ ఒక్కడు ఎప్పుడు వెనక్కి తిరిగాడు? తాను బాగుపడ్డానని చూసుకున్నాక. మాకు ఆ చూపు రావడానికి ముప్పై ఏళ్లకు పైనే పట్టింది. మా పిల్లలకు బట్టలు కొని, మాకు వద్దులే అనుకున్న పండుగలు కొన్ని గడిచాకే వచ్చింది. అందుకే ఎనిమిదేళ్ల పిల్లవాడిని కృతజ్ఞత లేదని తిట్టడం ఇప్పుడు మాకు ఇష్టం లేదు. నలభై దాటినవాళ్ల సంగతి వేరు.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ప్రథమఫలాల గంప తెచ్చినవాడు గంప దించి వెళ్లిపోడు. తన పితరులు ఐగుప్తులో పడిన శ్రమ, దేవుడు విడిపించిన విధం నోరు తెరిచి చెప్పాలి. మన ఇళ్లలో గంప నిండుగానే ఉంది. కథ చెప్పేవాళ్లూ ఉన్నారు, అడిగేవాళ్లే లేరు.

డిసెంబరు 31 రాత్రి మైకు దగ్గర సాక్ష్యాలు వింటుంటాం. ఉద్యోగం, వీసా, ఆపరేషన్. మంచిదే, దేవునికి స్తోత్రం. అయితే ఇంట్లో మనిషి పేరు అక్కడ దాదాపు వినబడదు. ఆ పేరు జ్ఞాపకార్థ కూడికలో, దండ వేసిన ఫోటో పక్కన, ఫ్లెక్సీ మీద కనబడుతుంది. "మనసులో ఉంటే చాలదా, పాస్టరుగారూ?" అని అంటారు కొందరు. మేమూ అలాగే అనుకున్నాం. మా మనసులో ఉన్నది ఇన్నేళ్లలో అమ్మకు ఒక్క రోజూ చేరలేదు. కనుక ఈ ఏడు మైకు దగ్గరకు రాకముందే, ఇంట్లో ఆ మాట చెప్పి రమ్మని మా మనవి.

మేము చెప్పినప్పుడు ఏం జరిగిందో కూడా రాయాలి. సగం మాటలోనే అమ్మ, "ఇప్పుడెందుకు నాయనా అవన్నీ, అన్నం తిన్నావా?" అంది. కొన్న చీర చేతికిస్తే, అంచు బాగుంది గానీ రంగు మరీ ముదురని వంక పెట్టింది. క్రిస్మస్ ఉదయం మేము వాక్యం చదవడానికి లేచేసరికి, ఆ చీరే కట్టుకుని వెనుక వరసలో తలుపు పక్కన కూర్చుని ఉంది. కాసేపటికి మా అమ్మాయి ముందు వరసలోంచి లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.