బల్ల మీద బస్కీ

మొన్న ఆదివారం పొద్దున్నే, బోయిన్‌పల్లిలో మా పక్కింటావిడ గాబరాగా వచ్చారు. ‘‘మావాడు జిమ్‌లో భుజాల మీద బరువు పెట్టుకుని చెక్కపెట్టె మీద కూర్చుని లేస్తున్నాడటండీ. నడుం పట్టేయదూ?’’ అని.

కుర్రాడు చేస్తున్నది బాక్స్ స్క్వాట్. మన తాతలు తాలింఖానాల్లో తీసిన బస్కీలకు దగ్గరి చుట్టమే. కాకపోతే వెనకాల ఒక పెట్టె ఉంటుంది. దానిమీద కూర్చుని, క్షణం ఆగి లేవాలి. 1960ల్లో కాలిఫోర్నియాలోని వెస్ట్‌సైడ్ బార్‌బెల్ క్లబ్బువాళ్లు దీన్ని బాగా సాధన చేశారు. ఆ తర్వాత ఒహాయోలో అదే పేరుతో జిమ్ నడిపిన లూయీ సిమ్మన్స్ దీనికి ఎంతో ప్రచారం తెచ్చారు. ఆయన 2022లో కన్నుమూశారు.

ఇంతకీ పెట్టె ఎందుకు? మామూలు బస్కీలో మోకాళ్లు ముందుకొస్తాయి. పెట్టె ఉంటే తుంటిని వెనక్కి నెట్టి కూర్చుంటాం. మోకాలి కింది కాలు దాదాపు నిటారుగా ఉంటుంది. దాంతో మోకాలి మీది భారం కొంత పిరుదులు, తొడ వెనక కండరాల మీదికి మళ్లుతుంది. పైగా ఎంత కిందికి దిగాలో పెట్టే చెబుతుంది. కొత్తవాళ్లకు అదో కొలత.

అలాగని ఆవిడ భయం ఉత్తదేం కాదు. ప్రమాదం పెట్టెలో లేదు, దానిమీద దబ్బున కూలబడటంలో ఉంది. పైన బరువు, కింద గట్టి చెక్క... మధ్యలో వెన్నెముక రోటికీ రోకలికీ నడుమ చిక్కినట్టే. కూర్చోగానే ఒళ్లు వదిలేసినా, ఊగి ఊపుతో లేచినా నడుముకే చేటు.

అందుకే ముందు బరువు లేకుండా నేర్చుకోవాలి. పెట్టె కదలకూడదు, మొదట్లో మోకాలి ఎత్తు ఉంటే చాలు. పాదాలు పూర్తిగా నేలకు ఆనించి, పొట్ట బిగించి, నెమ్మదిగా దిగాలి. బరువు కొద్దికొద్దిగానే పెంచాలి. నడుంనొప్పి ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

అంతా విని ఆవిడ, ‘‘వాడి సంగతి సరే, మా అత్తగారికి కుర్చీలోంచి లేవాలంటేనే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి’’ అన్నారు నిట్టూరుస్తూ. అసలు ఈ వ్యాయామం కావలసింది ఆమెకేనన్నాను!

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇలా చూడండి. కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో లెక్కపెట్టండి. పక్కన ఒకరు ఉండాలి. 65-69 ఏళ్ల మహిళలు 11, పురుషులు 12 కన్నా తక్కువసార్లు లేస్తే పడిపోయే ముప్పు ఉన్నట్టేనని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అసలు లేవలేనివాళ్లు కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకోవచ్చు. అలవాటయ్యాక దిండు తీసేయొచ్చు. వారానికి కనీసం 2 రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

నిన్న సాయంత్రం వాళ్లింటికెళ్తే, హాల్లో కుర్చీ గోడకు చేరి ఉంది. మామ్మగారు లేస్తూ కూర్చుంటూ ఉంటే, మనవడు పక్కనే నిలబడి లెక్కపెడుతున్నాడు. ‘‘దబ్బున కూర్చోకు నానమ్మా, మెల్లగా!’’